చిన్న కంట్రోల్ లైన్ విమానానికి ఏ లైను కట్టాలి? తిరుపతిలో సమకూర్చుకోగల రకాలపై సమీక్ష

కంట్రోల్ లైన్ విమానం అంటే చేతిలోని హ్యాండిల్‌కు కట్టిన రెండు లైన్లతో అదుపు చేస్తూ, మన చుట్టూ తిప్పి ఎగరేసే మోడల్ విమానం. దాని లైను సంగతి ముందు తేల్చేసి చెబుతాం. 120 నుంచి 220 గ్రాముల బరువుండి, 8 నుంచి 10.5 మీటర్ల లైను మీద తిరిగే చిన్న విమానానికి, తిరుపతి, చిత్తూరు వైపు ఉండేవాళ్లకు బాగా పనికొచ్చేది చేపల గాలానికి వాడే అల్లిక పీఈ (పాలిథిలీన్) దారం, 0.23 లేదా 0.28 మి.మీ.ది. దానికన్నా నిక్కచ్చిగా పనిచేసేది పేటలు వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు లైను, 0.20 నుంచి 0.30 మి.మీ. మందంలో. అది లైను చుట్టడం, విప్పడం చేతికి బాగా అలవాటైనవాళ్లకు. పూసల దండలకు వాడే నైలాన్ తొడుగు తీగతో సర్దుకోవచ్చు. పాలిస్టర్ దారం నేర్చుకునే మొదటి రోజులకే. నైలాన్ గాలపు దారం, గాలిపటం మాంజా, బైండింగ్ వైరు అనే మూడింటినీ విమానం దగ్గరికే రానివ్వొద్దు.

అంగట్లో దారం చూపించగానే అందరూ అడిగేది ఒకటే: ఎన్ని కిలోలు ఓరుస్తుంది? చిన్న విమానానికి ఈ ప్రశ్నతో పెద్దగా పని లేదు. లెక్క చూడండి. 150 గ్రాముల విమానం 10 మీటర్ల లైను మీద 4.5 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతోందంటే దాని వేగం సెకనుకు 14 మీటర్లు, అంటే గంటకు 50 కిలోమీటర్లు. అప్పుడది బయటికి లాగే బలం దాని బరువుకు రెండింతలు, 300 గ్రాములు. అది కూడా రెండు లైన్ల మీద పంచుకుని పడుతుంది. భద్రత కోసం విమానం బరువుకు పదింతలు లాగి చూసుకున్నా 1.5 కిలోలే. 20 పౌండ్లు అని రాసి ఉన్న దారం తొమ్మిది కిలోలు ఓరుస్తుంది. ముడి దగ్గర సగం బలం పోయిందనుకున్నా నాలుగున్నర కిలోలు మిగులుతాయి. బలం అన్ని రకాల్లోనూ కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. చూడాల్సింది సాగుడు, మందం, రెండు లైన్లూ పురి పడ్డప్పుడు ఒకదాని మీద ఒకటి జారే గుణం. ఈ మూడే.

సాగుడు సంగతి ముందు. చిన్న విమానంలో 50 మి.మీ. బెల్‌క్రాంకు (లైన్ల కదలికను ఎలివేటరుకు అందించే మీట) పెడతాం. ఎలివేటరు (తోక దగ్గర పైకీ కిందికీ కదిలే పలక) పూర్తిగా లేవాలంటే ఒక్కో లైను కదిలేది 12 నుంచి 15 మి.మీ.. అంతే, అంగుళంలో సగం. గాలి ఎలివేటరును వెనక్కి నెడుతుంది కాబట్టి, దాన్ని లేపేటప్పుడు ఒక లైను మీద రెండోదానికన్నా ఎక్కువ బరువు పడుతుంది. ఆ తేడా 100 గ్రాములనుకుందాం. 10 మీటర్ల పొడవులో 0.30 స్టీలు లైను ఆ తేడాకు సుమారు ఒక మిల్లీమీటరు సాగుతుంది. పీఈ దారం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. పాలిస్టర్ ఒక సెంటీమీటరు వరకు. 0.40 నైలాన్ దారం నాలుగు సెంటీమీటర్ల దాకా. అంటే మీరు హ్యాండిల్ ఎంత వంచినా నైలాన్ అంతా తనే మింగేస్తుంది, ఎలివేటరు దగ్గరికి ఏమీ చేరదు. చేరినా ఆలస్యంగా చేరుతుంది. విమానం ముక్కు నేలకేసి దిగుతోందని పైకి లాగితే, దారం సాగి, తర్వాత ఒక్కసారిగా వెనక్కి తన్నుకొచ్చి, విమానం నిట్టనిలువునా లేచి వీపు మీద పడుతుంది. “కంట్రోల్ సరిగ్గా అందలేదు, బెల్‌క్రాంకు మార్చాలి” అంటూ వచ్చే విమానాలకు ముందు లైను చూడాలి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

ఇది ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. పది మీటర్ల దారం ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొసకు లగేజీ తూచే డిజిటల్ కాటా తగిలించండి. 200 గ్రాములకు లాగి నేల మీద గుర్తు పెట్టండి, 700 గ్రాములకు లాగి మళ్లీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరం స్టీలుకు అర సెంటీమీటరు దగ్గర, మంచి పీఈకి రెండు సెంటీమీటర్ల లోపు ఉండాలి. నైలాన్‌కు జానెడు దాకా వస్తుంది. మూడు సెంటీమీటర్లు దాటిన ఏ దారమూ లూపులు (గాలిలో నిలువు చుట్లు) కొట్టే విమానానికి పనికిరాదు.

ఇక మందం. విమానం కొసన సెకనుకు 14 మీటర్ల వేగంతో పోతుంటే లైను కూడా గాలిని చీల్చుకుంటూ పోతుంది. 10 మీటర్ల జంట లైన్లు విమానాన్ని వెనక్కి లాగే బలం, రెక్క కొస దగ్గరికి తెచ్చి లెక్కేస్తే, 0.20 మి.మీ.కు సుమారు 12 గ్రాములు, 0.28కి 18, 0.385కి 24, 0.45కి 28. పెద్ద విమానానికి ఇవి లెక్కలోవి కావు. 150 గ్రాముల విమానపు ప్రొపెల్లరు ఎగురుతూ ఉండగా లాగేది మొత్తం వంద గ్రాముల లోపే ఉండొచ్చు. అందులో పాతిక గ్రాములు దారానికే పోతే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే బిగువు తగ్గుతుంది, బిగువు తగ్గితే కంట్రోల్ పోతుంది. 0.385 మి.మీ. అన్న అంకెను కావాలనే ఇక్కడ చేర్చాం. అంతర్జాతీయ పోటీల్లో 2.5 సీసీ ఇంజన్ల కంబాట్ (గాలిలో ఒకదానితో ఒకటి తలపడే) విమానాలకు ఉండాల్సిన కనీస మందం అది, వాటి లైను పొడవు 15.92 మీటర్లు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో పెద్ద కంట్రోల్ లైన్ విమానాలు చూసి వచ్చిన పిల్లలు అదే మందం, అదే పొడవు చిన్న విమానానికి తగిలించి, “మోటారులో దమ్ము లేదు” అనుకుంటారు. మోటారు తప్పేమీ లేదు. చిన్న విమానాలకు పెట్టే 0.049 క్యూబిక్ అంగుళాల ఇంజన్ అంటే 0.8 సీసీ, అంటే ఆ పోటీ ఇంజనులో మూడో వంతు కూడా కాదు. ఆ స్థాయి ఎలక్ట్రిక్ మోటారుకూ ఇదే మాట.

పొడవు గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దారం కొనేది మీటర్ల లెక్కన. అదే 50 కిలోమీటర్ల వేగానికి 8 మీటర్ల లైను మీద లాగుడు విమానం బరువుకు రెండున్నర ఇంతలు, 10 మీటర్ల మీద రెండింతలు, 16 మీటర్ల మీద ఒకటింపావు. విమానం నడినెత్తి మీదికి వచ్చినప్పుడు దాని బరువు మీ వైపు లాగుతుంది కాబట్టి ఇందులోంచి ఒక వంతు తీసేయాలి. 10 మీటర్ల లైను మీద ఒక వంతు మిగులుతుంది, చేతికి ఆసరా ఉంటుంది. 16 మీటర్ల మీద మిగిలేది పావు వంతు, చిన్న గాలి తోసినా లైను జారిపోతుంది. అలాగని మరీ ఏడు మీటర్లకు తగ్గిస్తే చుట్టుకు మూడు సెకన్లే పడుతుంది, కొత్తవాళ్లకు కళ్లు తిరుగుతాయి. మా సలహా: 150 గ్రాముల లోపు విమానానికి 8.5 మీటర్లు, 150 నుంచి 220 గ్రాములకు 10 మీటర్లు. ఈ కొలత హ్యాండిల్ పిడికిలి నుంచి విమానం నడిమధ్యకు. దారం మాత్రం ఒక్కో లైనుకు అర మీటరు ఎక్కువే కోసుకోవాలి.

ఇప్పుడు ఒక్కొక్కటీ.

అల్లిక పీఈ దారం

అంగట్లో “బ్రెయిడెడ్ లైను” అని అడగాలి. ఉత్త “గాలపు దారం” అంటే నైలాన్ చేతిలో పెడతారు. పీఈ అంటే డైనీమా, స్పెక్ట్రా అన్న పేర్లతో చలామణీ అయ్యే పాలిథిలీన్ పోగు. నీళ్లకన్నా తేలిక, సాంద్రత 0.97. ఇరవై మీటర్లు కలిపినా గ్రాము అటూ ఇటూ తూగుతుంది. అదే పొడవు 0.30 స్టీలు లైను దాదాపు తొమ్మిది గ్రాములు. ఎక్కడ మడిచినా మెలిక పడదు, జేబులో కుక్కి తీసినా విరగదు, పిల్లలు తొక్కినా పాడవదు. ఇదే దీని అసలు గొప్ప. స్టీలు లైనును చంపేది ఎగరడం కాదు, చుట్టి పెట్టడం.

పవర్‌ప్రో దారంలో 20 పౌండ్లది 0.23 మి.మీ., 30 పౌండ్లది 0.28 మి.మీ. అని డబ్బా మీదే ఉంటుంది. 150 గ్రాముల లోపు విమానానికి మొదటిది, ఆ పైన రెండోది. 10 పౌండ్లది 0.15 మి.మీ. ఉంటుంది, గాలి నిరోధం ఇంకా తగ్గుతుంది కదా అనిపిస్తుంది. బలం ఓరుస్తుంది కూడా, కానీ ఒక ఇసుక రేణువు గీసినా తెగే మందం అది. స్వర్ణముఖి ఇసుకలో, ఎర్ర గరప నేలలో దాన్ని వాడొద్దు. పేరులేని చవక దారాల్లో పెద్ద చిక్కు, డబ్బా మీద రాసిన మందానికీ లోపలున్న మందానికీ పొంతన ఉండకపోవడం. పెన్సిల్ మీద ఇరవై చుట్లు ఒకదానికొకటి ఆనేలా చుట్టి, వెడల్పు స్కేలుతో కొలిచి ఇరవైతో భాగించండి. 6 మి.మీ. వస్తే దారం 0.30. 9 వస్తే 0.45, వెనక్కి ఇచ్చేయండి. అసలు పీఈనేనా అన్న అనుమానముంటే ఒక ముక్కను సబ్బు నీళ్లలో తడిపి, వేలితో నొక్కి గిన్నె అడుక్కు పంపండి. పీఈ అయితే వదలగానే పైకి తేలుతుంది. నైలాన్, పాలిస్టర్ అడుగునే ఉంటాయి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, కొన్న ప్రతి ఉండకూ చేయండి.

నాలుగు పేటల అల్లిక, ఎనిమిది పేటల అల్లిక అని రెండు రకాలు ఉంటాయి. ఎనిమిదిది గుండ్రంగా, నున్నగా ఉండి లైన్లు పురి పడినప్పుడు బాగా జారుతుంది. నాలుగుది కాస్త గరుకు, కానీ గీతలకు ఎక్కువ ఓరుస్తుంది. లూపులు కొట్టని విమానానికి నాలుగు పేటలదే చాలు. లూపులు కొట్టేవాళ్లు ఎనిమిదికి పోవాలి. రంగు విషయంలో బేరమాడొద్దు: పసుపు లేదా నారింజ. ఆకుపచ్చ దారం మైదానంలో కనపడక, అడ్డం వచ్చినవాళ్ల మెడకో కాళ్లకో తగిలే ప్రమాదముంది.

లోపాలు చెప్పాలి. ఒకటి, ఇది మహా జారుడు దారం, మామూలు ముళ్లన్నీ విప్పుకుంటాయి. రెండు, వేడికి తట్టుకోదు. 145 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, అంటే ఇంజను సైలెన్సరుకో, అగరుబత్తి కొసకో తగిలితే తెగినట్టే. మే నెలలో ఎండలో పెట్టిన కారులో బిగుతుగా లాగి కట్టి వదిలేస్తే మెల్లగా సాగి రెండు లైన్ల పొడవూ మారిపోతుంది. మూడు, అల్లికలోకి ఇసుక దూరితే లోపలినుంచే కోస్తుంది. చిన్న ఇంజన్లకు పోసే, ఆముదం కలిపిన గ్లో ఇంధనం అంటిన దారం ఇసుకను మరీ పట్టుకుంటుంది. వాడిన ప్రతిసారీ తడి గుడ్డతో తుడవాలి. పల్లేరు కాయల నేల అయితే దారాన్ని నేల మీద పరవకుండా ఒక పాత దుప్పటి మీదుగా విప్పండి. ముల్లు అల్లికలో ఇరుక్కుని లాగినప్పుడు పోగు తెంపుతుంది, పైకి మాత్రం చిన్న పీచులా కనిపిస్తుంది.

పేటల స్టెయిన్‌లెస్ స్టీలు

మోడల్ విమానాల కోసమే చేసిన ఈ లైను ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అంగుళాల లెక్కలో 0.008, 0.010, 0.012, 0.015 అని అమ్ముతారు. మిల్లీమీటర్లలో 0.20, 0.25, 0.30, 0.38. మన సైజుకు 0.20 శ్రేష్ఠం, 0.30 గట్టిది. 0.015 జోలికి పోవద్దు. గాలపు సామాన్లలో “స్టీల్ లీడర్” అని వచ్చే తొడుగు లేని ఏడు పేటల తీగ మందం సరిపోతే దీనికి బదులు పనికొస్తుంది, కానీ అతుకు లేకుండా పది మీటర్లు ఒకే ముక్కగా ఉండాలి. మధ్యలో అతికిన లైను వద్దు.

ఇది చేతిలో ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది. వేలు కదిపితే విమానం కదులుతుంది. ఆరేడు చుట్ల పురి పడినా లైన్లు ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి. ఎండకు, ఇంధనానికి చెక్కుచెదరదు. ఈ మెచ్చుకోళ్లన్నీ ఒక్క మెలికతో పోతాయి. సన్నటి తీగ చిన్న ఉంగరంలా తిరిగి, గమనించకుండా లాగితే అక్కడ పేటలు వంగి నలిగిపోతాయి. తర్వాత నిటారుగా చేసినా ఆ చోటు బలం తిరిగి రాదు. మెలిక గట్టిగా పడిన లైనును సరిచేయడం లేదు, ఆ లైనే తీసేయాలి. అందుకే దీన్ని కనీసం 10 నుంచి 12 సెంటీమీటర్ల చక్రం మీదే చుట్టాలి. గాలిపటం చరఖా పెద్దదైతే సరిపోతుంది. విప్పేటప్పుడు చక్రం తిరగాలి. చక్రాన్ని పక్కన పడుకోబెట్టి అంచు మీదుగా దారం లాగితే చుట్టుకొక పురి చొప్పున ఎక్కుతుంది, ఆ పురే మెలికవుతుంది.

ఒంటి పోగు స్టీలు తీగ కూడా ఉంది. మందం ఒకటే అయితే గాలి నిరోధం ఇంకాస్త తక్కువ, సాగుడు అన్నిటికన్నా తక్కువ. వేగం పోటీలకు మంచిది. చిన్న విమానానికి, నలుగురు తిరిగే మైదానానికి నప్పదు. ఒక్క పోగు తెగితే మొత్తం తెగినట్టే. స్టెయిన్‌లెస్ కాని పియానో వైరు అయితే అక్టోబరు, నవంబరు వానల్లో తుప్పు పట్టి, తుడిచినా కనపడని గుంటలు మిగులుతాయి.

పూసల తీగ

పూసలు, ఫ్యాన్సీ నగల సామాను అమ్మే అంగళ్లలో “టైగర్ టెయిల్” అని దొరుకుతుంది. 0.38 మి.మీ. మందంలో, ఏడు పేటల స్టీలు మీద నైలాన్ తొడుగు. సాగుడు బాగానే తక్కువ, కొసలు కట్టడం తేలిక, రాగి గొట్టాలు కూడా ఆ అంగట్లోనే దొరుకుతాయి. తొడుగు వల్లే మందం పెరిగి గాలి ఎక్కువ పడుతుంది. మూడు నాలుగు పురులు పడగానే తొడుగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కంట్రోల్ బరువెక్కుతుంది. తొడుగు లోపల పేట తెగినా బయటికి కనపడదు, ఇది మాకు అసలు నచ్చని గుణం. 200 గ్రాముల పైన విమానానికి, లూపులు లేకుండా తిప్పేవాళ్లకు సరే. కొనేటప్పుడు ఉండ మీద ఒక్క లైనుకు సరిపడా తీగే ఉంటే రెండు ఉండలు తీసుకోవాలి, రెండూ ఒకే మందమని పెన్సిల్ పరీక్ష చేసి మరీ.

పాలిస్టర్, నైలాన్, మాంజా, బైండింగ్ వైరు

పాలిస్టర్ అల్లిక దారాన్ని డాక్రాన్ అంటారు. ఒకప్పుడు 0.049 ఇంజను పెట్టి తయారుగా అమ్మిన ప్లాస్టిక్ విమానాలకు హ్యాండిల్‌తో పాటు ఇలాంటి దారమే ఇచ్చేవారు. పిల్లల చేతికి మెత్తగా ఉంటుంది, ఖరీదు తక్కువ. సాగుడు ఎక్కువ కాబట్టి కంట్రోల్ మెత్తబడి, తొలిసారి పట్టినవాళ్లు చేసే అతి కదలికలు విమానానికి పూర్తిగా చేరవు. ఆ ఒక్క కారణానికే దీన్ని నేర్పడానికి వాడొచ్చు. సమంగా తిప్పడం రాగానే మార్చేయండి, లేకపోతే చేతికి తప్పుడు లెక్క అలవాటవుతుంది.

నైలాన్ గురించి పైనే చెప్పాం, తడిస్తే ఇంకా సాగుతుంది కూడా. మాంజా విషయం వేరు. గాజు పూసిన సింథటిక్ దారం పక్షుల ప్రాణాలు, బండి మీద పోయేవాళ్ల గొంతులు తీసింది. 2017 జూలైలో జాతీయ హరిత ట్రైబ్యునల్ దాన్ని దేశమంతటా నిషేధించింది. సంక్రాంతి మిగులు దారం ఇంట్లో ఉందని విమానానికి కట్టే ఆలోచనే రాకూడదు. రెండు లైన్లూ తగలగానే ఒకటి రెండోదాన్ని కోసేస్తుంది, తర్వాత మీ చేతిని. నూలు దారం కూడా వద్దు, తడి గాలికి పొడవు మారుతుంది. సిమెంటు పనిలో కడ్డీలు కట్టే బైండింగ్ వైరు కాల్చి మెత్తపరచిన ఇనుము. ఒక్క గట్టి లాగుడుకు శాశ్వతంగా సాగిపోతుంది, రెండు లైన్లూ ఎప్పటికీ సమం కావు.

లైను కట్టే పద్ధతి

మంచి దారం చెడ్డ ముడితో పాడవుతుంది కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. పీఈకి: కొస నుంచి పదిహేను సెంటీమీటర్లు మడిచి జంట చేయండి. ఆ జంటతో ఎనిమిది అంకె ముడి వేస్తూ, చివర ఒక చుట్టు అదనంగా తిప్పండి. బిగించే ముందు ఎంగిలితోనో నీళ్లతోనో తడపాలి, లేదంటే రాపిడి వేడికే పోగు దెబ్బతింటుంది. మెల్లగా, నాలుగు పోగులూ సమంగా వచ్చేలా బిగించండి. తోక అర సెంటీమీటరు వదిలి కోసి, కొసను లైటరు సెగకు ఒక్క క్షణం చూపితే చిన్న గుండు కడుతుంది. మంట ముడిని తాకకూడదు. ఫెవిక్విక్ లాంటి జిగురు తోక మీద మాత్రమే ఒక చుక్క. ముడి మొత్తం తడిపితే అది గాజులా గట్టిపడి, ముడి అంచు దగ్గర దారం విరుగుతుంది. లైనును విమానానికి తగిలించే క్లిప్పుకు నేరుగా కట్టేవాళ్లకు పాలమార్ ముడి మంచిది: జంట దారాన్ని కన్నంలోంచి దూర్చి, వదులు ముడి వేసి, ఆ ఉచ్చులోంచి క్లిప్పు మొత్తాన్ని దాటించి బిగించడం. గాలం వేసే ఎవరినడిగినా చూపిస్తారు.

స్టీలుకు ముడి వేయకూడదు. చిన్న ఇత్తడి కన్నం చుట్టూ తీగను తిప్పి, పాతిక మిల్లీమీటర్లు వెనక్కి ఆనించి, మోటారు రీవైండింగ్ చేసేచోట దొరికే సన్న రాగి తీగతో 12 మి.మీ. మేర చుట్టు మీద చుట్టు ఆనేలా గట్టిగా చుట్టాలి. రాగి తీగ మీది ఎనామెల్ ముందే గీకేయండి, జారకుండా పట్టుకుంటుంది. మిగిలిన స్టీలు తోకను వెనక్కి మడిచి, దాని మీదుగా ఇంకో 10 మి.మీ. చుట్టి ఒక చుక్క జిగురు. టంకం పెట్టొద్దు. వేడికి సన్న పేటలు గుణం మారతాయి, ఫ్లక్స్ లోపల మిగిలి తినేస్తుంది, టంకం ఆగిన చోట తీగ గట్టిగా నిలబడి సరిగ్గా ఆ అంచు దగ్గరే పుటుక్కుమంటుంది.

బెల్‌క్రాంకు నుంచి రెక్కలోంచి బయటికి వచ్చే తీగలు, అంటే లీడవుట్లు, ఏ లైను వాడినా స్టీలువే కావాలి. పీఈ దారాన్ని రెక్క కొస కన్నంలోంచి పోనిస్తే బాల్సా చెక్కో తీగ అంచో రెండు రోజుల్లో రంపంలా కోస్తుంది. క్లిప్పులు సేఫ్టీ పిన్నులా రెండు వైపులా కొక్కెం పడే రకం తీసుకోండి. ఒకే వంపుతో మూసుకునే చవక గాలపు క్లిప్పు రెండు కిలోలకే తెరుచుకునే అవకాశముంది, విడిగా కాటాకు తగిలించి మూడు కిలోలు లాగి చూశాకే వాడాలి. క్లిప్పు లోపలి అంచును గోరుతో తడిమి, గరుకు తగిలితే నీటి కాగితంతో (సన్న గరుకు కాగితం) రుద్దాలి.

కొసలు కట్టాక రెండు లైన్లనూ ఒకే మేకుకు తగిలించి, రెండో వైపు ఒక్కో లైనునూ రెండు కిలోలకు అయిదు నిమిషాలు లాగి ఉంచండి. ముళ్లు ఆ లాగుడులోనే కుదురుకుంటాయి. ఆ తర్వాతే పొడవులు పోల్చాలి. 3 మి.మీ. లోపు తేడా ఉంటే హ్యాండిల్ దగ్గర సర్దుకోవచ్చు. ఎక్కువుంటే ముడి తీసి మళ్లీ వేయాలి. హ్యాండిల్ మీద రెండు లైన్ల మధ్య దూరం చిన్న విమానానికి 65 నుంచి 75 మి.మీ. చాలు.

మైదానంలో

ఎగరేసే ప్రతి రోజూ మొదటి ఎగురుడుకు ముందు, విమానం, లైను, హ్యాండిల్ అంతా కలిపి విమానం బరువుకు పదింతలు లాగాలి. 200 గ్రాముల విమానానికి రెండు కిలోలు. విమానాన్ని బెల్‌క్రాంకు దగ్గర పట్టుకోవాలి, రెక్క కొస పట్టుకుని లాగితే రెక్క ఊడుతుంది, పరీక్ష జరగదు. హ్యాండిల్ నుంచి మణికట్టుకు ఒక తాడు తప్పనిసరి. లైను తెగకుండానే హ్యాండిల్ చేయి జారిన సందర్భంలో ఆపేది అదొక్కటే.

తిరుపతిలో ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య గాలి నిలకడగా ఉన్నప్పుడు ఎగరేయడం మేలు. గాలి పెరిగాక విమానం గాలివాటుకు ఎదురు పక్కకు వెళ్లినప్పుడు, గాలి దాన్ని మీ మీదికి నెట్టి లైను వదులు చేస్తుంది. అప్పుడు రెండడుగులు వెనక్కి వేసి బిగువు తెచ్చుకోవాలి. విమానాన్ని వదిలేది, దింపేది ఎప్పుడూ గాలి పోయే వైపు. తేలిక పీఈ లైను మీద ఉన్న 130 గ్రాముల విమానం గంటకు పదిహేను కిలోమీటర్ల గాలి దాటితే ఇంటికి తీసుకెళ్లడమే మంచిది. లూపులు ఒకే వైపు కొడుతూ పోతే ఒక్కోదానికి ఒక పురి చేరుతుంది. మూడు లోపలి లూపులు కొడితే మూడు బయటి లూపులతో విప్పేయాలి. బయటి లూపులు రాకపోతే దించాక హ్యాండిల్‌ను చేత్తో వెనక్కి తిప్పి విప్పండి.

కరెంటు తీగల విషయంలో రాజీ లేదు. వృత్తం అంచు నుంచి ఎటు చూసినా కనీసం ముప్పై మీటర్ల లోపు కరెంటు తీగ, స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు ఉండకూడదు. పీఈ దారం కరెంటు పట్టదు కదా అనే మాట చాలామంది నోట వస్తుంది. తడి, ధూళి, ఇంధనం అంటిన దారం మీద ఆ ధీమా పెట్టుకోవద్దు. లీడవుట్లు ఎలాగూ స్టీలువే. విమానం తీగ మీద చిక్కుకుంటే మణికట్టు తాడుతో సహా హ్యాండిల్ వదిలేసి దూరం జరగాలి, లాగడానికి ప్రయత్నించకూడదు, విద్యుత్ శాఖకు ఫోన్ చేయాలి. ఉరుములు వినపడితే ఆ రోజుకు అంతటితో సరి. రేణిగుంట విమానాశ్రయం వైపు ఖాళీ స్థలాలు ఎంత విశాలంగా కనిపించినా అటు వెళ్లొద్దు.

ఎప్పుడు పారేయాలన్నది రకాన్ని బట్టి. స్టీలు లైనును రెండు వేళ్ల మధ్య దూది పెట్టి పొడవునా లాగండి. ఎక్కడైనా దూది చిక్కిందంటే ఒక పేట తెగినట్టు, ఆ జత మొత్తం పక్కన పెట్టండి. పీఈ దారం రంగు వెలిసినంత మాత్రాన భయం లేదు, అది పై పూత. పీచు లేచి మెత్తబడిన చోటు కొసకు అర మీటరు లోపల ఉంటే అక్కడికి కోసి రెండు లైన్లూ సమంగా కురచ చేసుకోవచ్చు. నడిమధ్యన ఉంటే మార్చాల్సిందే. ముళ్లు మాత్రం దారం ఎంత కొత్తదైనా, పది పదిహేను రోజులు ఎగరేశాక కోసేసి కొత్తవి వేయండి. మార్చేటప్పుడు ఒక లైను కాకుండా రెండూ ఒకే ఉండలోంచి ఒకేసారి మార్చాలి. పాతది, కొత్తది కలిపితే సాగుడు వేరై, గాలిలో ఉండగానే విమానం ఒక పక్కకు మొగ్గుతుంది.